దానమిచ్చిన ఫోనుకు వచ్చే కోడ్

మా చెల్లెలి భర్త భవానీపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. చలికాలంలో ఒకరోజు పాఠం చెబుతూ కుప్పకూలాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కర్మలన్నీ అయ్యాక స్కూలు కరస్పాండెంటుగారు ఇంటికి వచ్చి, ఆఫీసులో అకౌంట్లు చూసే ఉద్యోగం మా చెల్లెలికి ఇస్తానన్నారు. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచేలోగా కంప్యూటర్ అకౌంట్ల సర్టిఫికెట్ తెచ్చుకోవాలని మాత్రం చెప్పారు. పిల్లలు లేరు, చేతిలో వేరే పని లేదు. ఆ ఉద్యోగం దొరక్కపోతే అద్దె ఇల్లు వదిలేసి మా ఇంటికి రావాలి. అది ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

కోర్సు ఇంట్లోనే ఉంది. ఆయన బతికుండగానే ఆమె కోసం ఆన్‌లైన్‌లో కొన్నాడు. పాఠాలన్నీ ఇంగ్లీషు. మా చెల్లెలు తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. అందుకని ఆయన తన లాప్‌టాప్‌లో ఒక ఏఐ అసిస్టెంటును ఆ కోర్సు వెబ్‌సైటుకు కలిపిపెట్టాడు. అది పాఠాన్ని తనే తెరిచి చదువుకుని ఈమెకు తెలుగులో విడమరిచి చెప్పేది. డెబిట్ రాయాల్సిన చోట క్రెడిట్ రాస్తే ఎందుకు తప్పో చెప్పేది. అర్థం కాలేదంటే మళ్ళీ మొదటి నుంచి చెప్పేది.

ఆయన పోయాక మొదటిసారి తెరిచినప్పుడు, వెబ్‌సైటుతో కనెక్షన్ గడువు తీరిందని, మళ్ళీ లాగిన్ అవ్వమని అడిగింది. ఈమె తన మెయిల్ ఇచ్చింది. కలిసిందని వచ్చింది. పాఠం చెప్పమంటే మాత్రం, "మీ ఖాతాలో కోర్సులేవీ కనిపించడం లేదు" అని జవాబు.

నేను పత్రికలో డెస్కు మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. వార్తలు దిద్దడం తెలుసు గానీ ఇలాంటివి తెలియవు. అయినా రోజూ పొద్దున్నే పేపరు చదవడం అవగానే వెళ్ళి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. కనెక్షన్ తీసేసి మళ్ళీ పెట్టాం. వెబ్‌సైటు సహాయ విభాగానికి రాస్తే బ్రౌజర్ మూసి తెరవమన్నారు. తెరిచాం. పాత హిస్టరీ అంతా చెరిపేయమన్నారు. అదృష్టం కొద్దీ దాన్ని వాయిదా వేశాం. వేరే బ్రౌజర్‌లో చూడమన్నారు, అనుమతులన్నీ ఇచ్చారా అని అడిగారు. ప్రతి జవాబు చివరా మా సమస్య తీరినందుకు సంతోషం అని ఉండేది.

"తీరలేదని రాయి అన్నయ్యా."

"రాశానమ్మా. దానికీ సంతోషమే అన్నారు."

ఒకరోజు రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. బ్రౌజర్‌లో నేరుగా తెరిస్తే పాఠాలన్నీ ఉన్నాయి. పైన మూలన ఆయన పేరుంది, ఆయన చేసిన లాగిన్ అలాగే ఉంది; హిస్టరీ చెరిపేసి ఉంటే అదీ పోయేది. అసిస్టెంటు వైపు ఈమె మెయిల్ ఉంది. ఈమె లాగిన్ అయినప్పుడు వెబ్‌సైటు కొత్త ఖాతా తెరిచేసింది. అసిస్టెంటు చూస్తున్నది ఆ ఖాళీ ఖాతాను. గ్యాసు దగ్గర నుంచి కరెంటు మీటరు దాకా ఆ ఇంట్లో అన్నీ ఆయన పేరు మీదే ఉన్నట్టు, ఈమె చదువు కూడా ఆయన పేరు మీదే ఉంది. అసిస్టెంటును ఆయన ఖాతాకు కలపబోతే, ఆయన ఫోన్ నంబరుకు కోడ్ పంపామని వచ్చింది.

"ఫోనేదమ్మా?"

"దానమిచ్చాం కదా అన్నయ్యా."

పెద్దకర్మ రోజు పంతులుగారికి గొడుగు, చెప్పులు, చెంబు, పరుపు ఇచ్చాం. పోయినవాళ్ళకు ఇష్టమైనది కూడా ఇస్తే వాళ్ళకు చేరుతుందని పెద్దవాళ్ళు అంటే, ఈమె లోపలికి వెళ్ళి ఆయన ఫోను తెచ్చి ఇచ్చింది. అందులో సిమ్ము ఉందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

పంతులుగారికి ఫోన్ చేద్దామన్నాను. ఒప్పుకోలేదు. "ఇచ్చింది మళ్ళీ అడిగితే అక్కడ ఆయన చేతిలోంచి లాక్కున్నట్టే" అంది. చైత్రమంతా అలాగే గడిచింది. ఒక్కతే ఇంగ్లీషు పాఠాలు ముందేసుకుని డిక్షనరీ తిరగేసేది. మూడో పాఠం దాటలేదు. ఎండలు ముదిరాక తనే అంది, చెయ్యమని.

నేను పోయినాయన నంబరుకే చేశాను. పంతులుగారే ఎత్తారు.

"నా సిమ్ము ఇంకో పక్కన వేశానండీ. సార్‌ది తీయబుద్ధి కాలేదు. ఫోను వెనక్కి కావాలా ఏంటి?"

"లేదండీ. అంకెలు వస్తాయి, చదివి చెబితే చాలు."

"ఓస్, అంతేనా! వస్తువు అడిగితే దోషం గానీ అంకెలకేం దోషమండీ? ఉండండి, ఇక్కడ ఘాట్లో పిండాలు పెట్టిస్తున్నాను."

ఆయన మంత్రం ముగించి చదివేసరికి కోడ్ గడువు తీరిపోయింది. రెండోసారి పంపించుకున్నాం. ఈసారి ఎవరికో తర్పణం మధ్యలో ఆపి, ఒక్కో అంకె విడివిడిగా చదివారు. కనెక్షన్ కలిసింది. అసిస్టెంటు మా చెల్లెలి భర్త పేరు పెట్టి, గారు చేర్చి, మళ్ళీ వచ్చినందుకు ఆనందంగా ఉందంది. మా చెల్లెలు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి వచ్చి పాఠం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకోసారి కనెక్షన్ తెగేది. మళ్ళీ పంతులుగారు, మళ్ళీ అంకెలు. పాఠాలు చకచకా సాగాయి. చివరి పరీక్ష ముందు వెబ్‌సైటులో సర్టిఫికెట్ నమూనా చూపించారు. అందులో ఆమె భర్త పేరుంది.

కరస్పాండెంటుగారిని అడిగాం. "పోయిన మనిషి నిన్న పాసయ్యాడని కాగితం పెడితే, ఆడిటర్ నన్నేమంటాడు చెప్పండి మాస్టారూ? పేరు మార్పించుకురండి" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. వెబ్‌సైటు వాళ్ళకు జరిగింది జరిగినట్టు రాసి, మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి పంపాం.

ఈసారి జవాబు ఎవరో మనిషే రాసినట్టుంది. మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నామని, మరొకరి ఖాతా వేరేవాళ్ళ పేరుకు మార్చే వీల్లేదని, ఖాతాదారు మరణించినట్టు తెలిసింది కనుక నిబంధన ప్రకారం ఖాతా మూసేశామని రాశారు. పాఠాలు, ఆమె రాసిన అభ్యాసాలు, మార్కులు అన్నీ దాంతోపాటే పోయాయి. అసిస్టెంటును అడిగితే కోర్సులేవీ కనిపించడం లేదంది.

బడి తెరిచారు. ఆఫీసులోకి వేరే అమ్మాయిని తీసుకున్నారు. ఇల్లు ఖాళీ చేస్తామని యజమానికి చెప్పివచ్చిన రోజు, అట్టపెట్టెలు కడుతూ అడిగింది.

"ఇంక కోడ్ రాదు కదా అన్నయ్యా?"

"రాదమ్మా."

"పంతులుగారికి చెప్పెయ్యి. పాపం, ఎప్పుడు మోగుతుందోనని ఘాట్లో కూడా ఫోను పక్కనే పెట్టుకుంటున్నారట."