పొదిలి దగ్గర మిద్దె ఇంటికి జ్వరం చూసొచ్చాం

మా మనవరాలు హారిక ఇళ్ళ చదువు చదువుతోంది. ఇంజినీరమ్మా అంటే కోపం. "ఆర్కిటెక్చరల్ టెక్నాలజీ తాతయ్యా" అని దిద్దుతుంది. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టిన నాకు అంత పొడుగు మాట నోరు తిరగదు కాబట్టి ఇంజినీరమ్మనే పిలుస్తున్నాను. ఆఖరి సంవత్సరంలో పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో సంగతి సొంతంగా తేల్చి పుస్తకంలా రాసివ్వాలట. దాన్ని డిసర్టేషన్ అంటారట. మా పిల్ల తేల్చదలుచుకున్నది ఏమిటంటే, మట్టి మిద్దె ఇల్లు ఎండాకాలంలో స్లాబు ఇంటికన్నా చల్లగా ఉంటుందా, ఉండదా అని. నన్నడిగితే మంచం మీద పడుకునే చెప్పేవాణ్ణి. కానీ తాత మాట కాలేజీలో చెల్లదట, పెట్టె చెప్పాలట.

ఆ పెట్టె అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. గోడకి తగిలించి వదిలేస్తే గంటగంటకీ గదిలో ఎంత వేడి ఉందో తనలో దాచుకుంటుంది. పొదిలి దాటాక ఓ ఊళ్ళో మిద్దె ఇల్లూ స్లాబు ఇల్లూ పక్కపక్కనే దొరికితే, పోయిన వారం వెళ్ళి రెండింట్లోనూ చెరో పెట్టె తగిలించి వచ్చాం. మిద్దె ఇంటావిడ సుబ్బమ్మ గారు ఆ రోజు మిరపకాయలు ఎండబోసిన కళ్ళంలో ఉన్నారు. స్లాబు ఇల్లు ఆవిడ మరిది కోటేశ్వరరావుది. అతనే వదిన గారి తలుపు తీసి "తగిలించుకోండి, నేను చెప్తాలే" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను నమ్మను. అడిగిందే తడవుగా సరే అన్నాడంటే లోపల ఏదో ఉందనే లెక్క. ఇప్పుడు ఆ పెట్టెలు తెచ్చుకోవడానికే రెండో ప్రయాణం. పుస్తకం ఇవ్వడానికి గడువు ఇంక వారమే ఉంది.

గుంటూరు బస్టాండులో తెల్లవారి ఆరింటికల్లా అద్దంకి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఎండల్లో ఆ వైపు వెళ్ళేవాళ్ళు ఇంకా ముందు బయల్దేరినా తప్పులేదు. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి హారిక ఆధార్ చూపించి కూర్చుంది, నేను డబ్బులు తీశాను.

"రేపట్నించి నేనూ చీర కట్టుకొస్తానయ్యా" అన్నాను కండక్టరుతో.

"కట్టుకు రండి తాతగారూ. ఆధార్‌లో మీసాలెట్టా దాస్తారు?" అన్నాడు, చిల్లర నా చేతిలో పెడుతూ. ఆ చిల్లర నేను రెండుసార్లు చూసుకున్నాను. నవ్వుతూ ఇచ్చేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

అద్దంకిలో దిగి బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, సాంబారు సంగతి నేను చెప్పను. అక్కణ్ణుంచి దర్శి మీదుగా పొదిలి బస్సు. నాకు రానూపోనూ టికెట్లకి ఐదొందలు దగ్గర పెట్టుకుంటే సరిపోయింది. దర్శి దగ్గర పడేసరికి రోడ్డుకి రెండువైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా బస్సంతా తుమ్ములే. వెనక సీట్లో పెద్దాయన తుమ్మి తుమ్మి మా అమ్మాయి సంచి వంక చూస్తున్నాడు. కంప్యూటరు ఉన్న సంచి. నేను దాన్ని నా ఒళ్ళోకి మార్చుకున్నాను.

పొదిలిలో దిగేసరికి పదిన్నర దాటింది. ఊరికి ఆటో రెండొందల యాభై అన్నాడు మస్తాన్ అనే కుర్రాడు, రెండొందలకి తెగింది. ఊరి పేరు చెప్పగానే అద్దంలోంచి మమ్మల్ని చూడటం మొదలుపెట్టాడు.

"మీరు కరెంటు మీటర్లోళ్ళా?"

"కాదు నాయనా."

"పోయినోరం గూడా మీరే గదా వచ్చింది? ఇళ్ళకి ఏందో తగిలించారంట."

"ఊళ్ళో ఏమనుకుంటున్నారేంటి?"

"నాకేం తెల్దు" అన్నాడు. తెలియనివాడు అన్నిసార్లు అద్దం చూడడు. కాస్త కదిలిస్తే బయటపడింది. మీటర్లని కొందరు, ఇంటి పన్ను పెంచడానికని కొందరు, రోడ్డు వెడల్పు చేయడానికని ఇంకొందరు అనుకుంటున్నారట.

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

"ఈ పాపని చూస్తే ఆఫీసరు మాదిరి లేదు. మిమ్మల్ని చూస్తేనే అనుమానం" అన్నాడు. కుర్రాడు తెలివైనవాడే.

కోటేశ్వరరావు వాకిట్లోనే ఎదురై మజ్జిగ ఇప్పించాడు. పక్క గుమ్మంలో సుబ్బమ్మ గారు నిలబడ్డారు. అరవై దాటిన మనిషి, చేతులకి ఇంకా మిరపకాయల ఎరుపు. రండి అనలేదు, పొమ్మనలేదు. హారిక పెట్టె తీసుకుంటున్నంతసేపూ వెనకాలే నిలబడి చూశారు. పెట్టె మేం తగిలించిన మేకుకే ఉంది.

అరుగు మీద కూర్చుని హారిక రెండు పెట్టెల్లోవీ కంప్యూటరులోకి ఎక్కించింది. గీతలు లేచాయి. చూస్తూ చూస్తూ పిల్ల మొహం మాడిపోయింది.

"మిద్దె ఇల్లే ఎక్కువ వేడిగా ఉంది తాతయ్యా. స్లాబు ఇంటికన్నా."

"అయితే ఏమైంది?"

"నేను రాసిందంతా తప్పని అర్థం. నాలుగు నెలల పని."

కోటేశ్వరరావు మీసం మీద చెయ్యి వేశాడు. "నేను ముందే అన్లా? స్లాబు స్లాబే."

నా అనుమానమంతా అతని మీదకే పోయింది. "ఏమయ్యా, రెండు పెట్టెలూ అటూ ఇటూ మార్చలేదు గదా? మీ ఇంటికి పేరు రావాలని?"

"నాకేం పన్లేదా పెద్దాయనా? మా పెట్టె జోలికి నేను పోతే ఒట్టు."

"పెట్టెల మీద నంబర్లున్నాయి తాతయ్యా, మారలేదు" అంది హారిక. ఒక అనుమానం పోయింది. ఇంకోటి పట్టుకున్నాను. మిద్దె ఇంటి గీత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోపురంలా లేచి దిగుతోంది. మిట్టమధ్యాహ్నం మాత్రం సాధువులా పడుకుని ఉంది.

"ఇంజినీరమ్మా, ఈ ఊళ్ళో సూర్యుడు రోజుకి రెండుసార్లు పొడుస్తాడా?"

పెట్టె చేతిలోకి తీసుకుని వాసన చూశాను. జిడ్డుగా ఉంది. ఎండుమిరపకాయ, ఆవాలు, ఇంగువ. శుభ్రమైన తిరగమోత వాసన. తుమ్ము కూడా వచ్చింది. తల ఎత్తి సుబ్బమ్మ గారి వంక చూశాను. ఆవిడ కొంగు సర్దుకున్నారు.

"పప్పులోకి బాగానే పోపు పెడతారల్లే ఉందే సుబ్బమ్మ గారూ" అన్నాను.

ఆవిడే అన్నారు, "చల్లగా ఉండాదంటే ఇల్లియ్యరంట గదా."

సంగతి అదీ. కొత్త ఇల్లు కావాలని ఊరి సచివాలయంలో దరఖాస్తు పెట్టుకున్నారు. మేం వచ్చిపోయిన రాత్రి మరిది "ఇల్లు చూసుకోను పైనుంచి వచ్చారు వదినా, వేడి కొలిచే పెట్టె పెట్టారు" అని చెప్పాడట. వేడి ఎక్కువ చూపిస్తే ఇల్లు బాగాలేదని కొత్తది ఇస్తారని ఆవిడ అనుకున్నారు. పెట్టెని పొయ్యి మీద గూట్లో పెట్టి, మా ఆటో చప్పుడు వినగానే తెచ్చి మేకుకి తగిలించారు.

"ఒరేయ్ కోటిగా, నువ్వే గదరా చెప్పింది" అన్నారు మరిది వైపు తిరిగి.

"చదువు కోసమని చెప్పినా నేనే అట్టా అనుకున్నా వదినా. ఆ పెద్దాయన వాలకం ఆఫీసరు మాదిరే ఉండె." నెపం నా మీదకే వచ్చింది. మళ్ళీ అతనే హారికతో మెల్లగా అన్నాడు, "ఏముందమ్మా, ఆ అంకెలు తగ్గించి రాసెయ్. మీ కాలేజీవాళ్ళొచ్చి చూస్తారా ఏంది?"

నేను మా అమ్మాయి వంక అనుమానంగా చూశాను. గడువు వారమే. తను రాయాలనుకున్న మాట నిజమేనని తనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరూ పట్టుకోరు. పిల్ల కంప్యూటరు మూసేసింది.

"ఇంకో వారం పెడతానండి. ఆలస్యమైతే మార్కులు కోస్తారు, కొయ్యనీ. కానీ సుబ్బమ్మ గారూ, ఇది ప్రభుత్వానిది కాదు. దీనివల్ల మీకు ఇల్లు రాదు, పోదు. నా చదువు కోసం."

"నీ చదువుకి నా ఇల్లు దేనికమ్మా?"

పిల్ల తడబడింది. మట్టి కప్పు చల్లగా ఉంటుందనీ, దాంట్లో ఉన్న కిటుకు కొత్త ఇళ్ళకి కూడా పనికొస్తుందనీ చెప్పింది.

"చల్లగానే ఉంటది, కాదన్నానా? ఏడాదేడాదీ వానలకి ముందు మిద్దెక్కి చౌడు మట్టి పొయ్యాల. మా ఆయన మోకాళ్ళు పోయినకాణ్ణించి ఎక్కలేదు. కూలోళ్ళు రారు. వానొస్తే మంచం ఈ మూల నుంచి ఆ మూలకి జరుపుకుంటా కూర్చోవాల. అది చెప్పదా నీ పెట్టె?"

"చెప్పదండి."

"మరి నువ్వు రాస్తావా?"

"రాస్తాను" అంది హారిక. ఆ 'రాస్తాను' నాకే నమ్మకంగా అనిపించింది, ఆవిడకి అనిపించలేదు. రాసింది చదివి వినిపించమన్నారు. కారే చోట్లన్నీ చూసొచ్చి, అరుగు మీద కూర్చుని, మట్టి మోసే కష్టమంతా రాసి, పిల్ల చదివి వినిపించింది. ఆవిడ రెండు చోట్ల దిద్దారు. అప్పుడు పెట్టె తీసుకుని లోపలికి నడిచారు. మేకు దగ్గర ఆగలేదు. నడి గదిలో తన మంచం తలవైపు స్తంభానికి తానే కట్టారు. "నేను పడుకునే చోటు. ఈడ వేడి చేస్తే నాకే గదా" అన్నారు.

వారం తర్వాత వెళ్ళి చూస్తే మిద్దె ఇల్లు చల్లగానే తేలింది. పుస్తకం ఆలస్యమైంది, మార్కులు కొన్ని పోయాయి. కానీ అందులో 'కప్పు నిర్వహణ' అని ఒక అధ్యాయం కొత్తగా వచ్చి చేరింది. సుబ్బమ్మ గారి ఇంటి దరఖాస్తు ఏమైందో ఇంకా తేలలేదు. ఎవరి మాటా నమ్మకుండా డెబ్భై ఏళ్ళు నెట్టుకొచ్చిన నేను, ఆవిడ అనుమానం ముందు దిగదుడుపే. నా అనుమానాలు కాలక్షేపానివి. ఆవిడది వాన నెత్తిన పడే మనిషి అనుమానం. చల్లదనాన్ని మెచ్చుకునేవాళ్ళు వేరు, ఆ చల్లదనాన్ని మోసేవాళ్ళు వేరు అని మా ఇంజినీరమ్మకి కాలేజీలో ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇలాంటి పని మీద ఆ ఊళ్ళవైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మిరప కళ్ళాల రోజుల్లో పగలు ఇళ్ళల్లో మగవాళ్ళే దొరికి అన్నిటికీ సరే అంటారు. పొద్దు వాలాక, పొయ్యి వెలిగించే మనిషి ఇంటికొచ్చాక వెళ్ళి, ఆవిడతో చెప్పి, అప్పుడు మేకు కొట్టండి.