బస్తా పైన బ్రెజిల్

మా అన్న కూతురు ఎనిమిదో తరగతి. బ్రెజిల్‌లో ఏదైనా ఒక చిన్న మునిసిపాలిటీ చరిత్ర, భూగోళం రాసుకురమ్మని సోషల్ మాస్టారు చెప్పారట. తిరువూరులో కిరాణా కొట్టు నడిపే నా దగ్గరికొచ్చి, "నీకు తెలియందేముంది బాబాయ్?" అంది. రోజూ ఇలాంటి పొగడ్తతోనే సరుకు అంటగట్టే నేను, నామీదికొచ్చేసరికి చప్పున కొనేశాను.

ఫోన్‌లో వెతికితే నోరు తిరగని పేరున్న ఊరొకటి దొరికింది. అడవి నరికి కాఫీ తోటలు వేసిన రైతులు కట్టుకున్న ఊరు. తర్వాత రైలొచ్చింది. ఎత్తు మీద ఎర్రనేల. అంతే, మూడు ముక్కలు. దానికేమో రెండు పేజీలు కావాలి.

కందిపప్పు బస్తాలో అడుగున నాసిరకం నింపి పైన మేలురకం పరచడం మీసాలు రాకముందే నేర్చినవాణ్ణి. ఇక్కడా అదే చేశాను. పైన బ్రెజిల్, కింద మన సరుకు. ఊరు వారపు సంతతో పెరిగిందన్నాను. పడమర వాగు పారించాను. మన పక్కనున్న విస్సన్నపేట మామిడి తోటలు చుట్టూ నాటాను. పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ, "ఆ వాగులో ఈత కొడతారా?" అనడిగింది.

"ఎందుకు కొట్టరూ, ఆదివారాలు!" అన్నాను.

వారం తర్వాత మాస్టారు పంచదార కోసం కొట్టుకొచ్చారు.

"ఏమండోయ్, మన మామిడి తోటలు బ్రెజిల్ దాకా పాకాయే! క్లాసులో శాటిలైట్ మ్యాపు తెరిచి చూశాం. వాగూ లేదు, తోటా లేదు."

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

"పిల్లలంతా గొల్లున నవ్వారండి. చదవడానికి లేచిన మీ అమ్మాయి మాత్రం కూర్చోలేదు. 'మ్యాపే తప్పు సార్, మా బాబాయ్ అబద్ధం చెప్పడు' అంది."

పంచదార పొట్లానికి వేసిన ముడి రెండుసార్లు జారింది.

సాయంత్రం అది వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడింది. "వాగుందా, లేదా?"

అప్పుడైనా ఒప్పుకోవాలి కదా, బేరం పెట్టాను. "వేసవిలో ఎండిపోయుంటుందే. మ్యాపులో పడుండదు."

"బాబాయ్."

"పోనీ, చిన్న కాలవైనా..."

"ఉందా, లేదా?"

"లేదు."

"సంత?"

"లేదమ్మా."

"మామిడి తోటలు?"

"అవి విస్సన్నపేటవే."

తిట్టినా బాగుండేది. నోటుబుక్కు తెరిచి, పైనున్న మూడు ముక్కలూ ఉంచి, మిగతాదంతా నా కళ్ళముందే అడ్డంగా కొట్టేసింది. మర్నాడు మాస్టారికి అదే చూపించిందట.

ఇప్పటికీ ఇంట్లోకి పప్పు కావాలంటే ఆ పిల్లే వస్తుంది. నేను పైనుంచి తియ్యబోతే ఆపుతుంది. మోచేతి దాకా బస్తాలోకి చెయ్యి దింపి, అడుగునుంచి గుప్పెడు తీసి వెలుతురులో చూస్తుంది. ఆ గొడవ తర్వాత అడుగునా మంచి పప్పే పోస్తున్నాను. ఆ సంగతి నేను చెబితే నమ్మదు. అందుకే చెప్పను, అది చూసుకునేదాకా పక్కన నిలబడతాను.