వీరమాత కుర్చీలో కూర్చున్న రోజు

పెద్దబ్బాయి యుద్ధంలో పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా మరిది. చాతం రంపం మిల్లులో పనిచేసేవాడు. టెలిగ్రాం ఇంగ్లీషులో ఉంది. ఈ దీవుల్లో, మేముండే బ్రూక్షాబాద్‌లో మా వీధి మొత్తానికి ఇంగ్లీషు వచ్చింది అతనొక్కడికే. చదివి, నా కాళ్ల దగ్గర కూలబడి, "వదినా, బాబు లేడు" అన్నాడు. మభ్యపెట్టకుండా ఒక్క ముక్కలో చెప్పినందుకు ఈనాటికీ అతనికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

మాది గంగమ్మ తల్లిని నమ్ముకున్న చేపల వేటవాళ్ల కుటుంబం. సముద్రంలోకి వెళ్లినవాడి శవం ఒడ్డుకు రాకపోతే మావాళ్లు మూడు అమావాస్యలు ఆగుతారు. ఏడవరు, కర్మ చెయ్యరు. నా కొడుకు పోయింది నీళ్లలో కాదు, ఎక్కడో సరిహద్దులో, నేల మీద. అయినా శవం రాలేదు గనక పెద్దలు అదే పద్ధతి పెట్టారు. "ఏడవకే పిల్లా, ఏడిస్తే వచ్చేవోడు కూడా రాడు" అంది మా అత్త. నేను నమ్మాను. రోజూ వాడి ముద్ద తీసిపెట్టాను. మద్రాసు ఓడ వచ్చినప్పుడల్లా జెట్టీకి పరుగెత్తాను.

మూడో అమావాస్య ఇంకా రాకముందే వాడి ట్రంకుపెట్టె వచ్చింది. అక్కడే దహనం చేశామని అందులో కాగితం. మరిది చదివి వినిపించాక, వాడి చొక్కా మొహానికి అదుముకుని అప్పుడు ఏడ్చాను.

తరవాత వాడి పేరున సభ పెట్టి, నన్ను వీరమాత అని వేదికమీద కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు పట్టుకున్నాయన చెవిలో చెప్పాడు: "దీదీ, చిన్నకొడుకుని కూడా దేశానికిస్తానని అనండి. బస్, అంతే."

చిన్నవాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. పద్దెనిమిది నిండలేదు. అన్న పోయినచోటికే తానూ పోతానని, సైన్యంలో చేరే భర్తీ కాగితంమీద సంతకం పెట్టమని వారంరోజులుగా నన్ను బతిమాలుతున్నాడు.

అమ్మ ఇంట్లో నేర్పిన అక్షరాలు, దేవుడి పాటలు తప్ప నాకేమీ రావు. సభలో మాట్లాడిందీ లేదు.

"ఇవ్వను," అన్నాను. "అవతలి దేశం తల్లి కొడుకునీ తీసుకోకండి. ఈ యుద్ధాలు మానండి."

మైకు లాగేసుకున్నారు. వెనకనించి ఒకామె అరిచింది: "మరి సరిహద్దు ఎవులు కాస్తారేటి, మీ ఇంట్లో పీతలా?" అందరూ నవ్వారు.

చిన్నవాడు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. నేను సంతకం మాత్రం పెట్టలేదు. వాడు బతికున్నాడు, అది గంగమ్మ తల్లి దయ.

అప్పటినించి భర్తీ ఎక్కడ జరిగినా, ఎక్కడో దూరాన మాయాబందర్‌లో అయినా సరే, ఓడెక్కి వెళ్లి గేటు దగ్గర నిలబడతాను. పిల్లల్ని తెచ్చిన తల్లులతో మాట్లాడతాను. తిట్టినవాళ్లున్నారు, ఎండలో నీళ్లిచ్చినవాళ్లున్నారు. ఒకామె కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయింది. ఆవిడ చల్లగా ఉండాలి.

ఊళ్లో నిలబెట్టిన రాతిమీద నా పెద్దబ్బాయిని వీరుడని చెక్కారు. మీరు అలా తలచుకోకండి. చేప తలకాయ కోసం తమ్ముడితో కొట్లాడి గెలిచి, చివరికి అది తమ్ముడి కంచంలోనే వేసేసేవాడు. ఇరవై ఒక్కేళ్లు. ఆ పిల్లాణ్ణి ఒక్కసారి తలచుకోండి.