బొట్టు పెట్టిన పెన్‌డ్రైవ్

శబ్దం పుట్టకముందే ఉన్నవాడికి, శబ్దమై పుట్టినవాడికి, పాడే గొంతులోనూ వినే చెవిలోనూ ఒక్కడే అయి కూర్చున్న నారాయణుడికి ముందుగా నమస్కారం. మనం పోగొట్టుకున్న నాడు పొగరు తీసేవాడూ ఆయనే, దొరికిన నాడు కళ్లు తుడిచేవాడూ ఆయనే. ఆయన దయ మనుషుల చేతుల మీదుగానే నడుస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాను. నేనూ నలుగురికి చెప్పాను. అలాంటి రెండు చేతులు ఒకసారి మా ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాయి. ఆ సంగతే ఇది.

మాది కర్ణాటకలోని చింతామణి. కన్నడ శాలెలో, అంటే బడిలో, మేష్టరుగా చేసి రిటైరయ్యాను. శనివారం సాయంత్రం మా వీధి భజన మందిరంలో పురాణం చదివి అర్థం చెబుతాను. తర్వాత భజన. మేం పాడేది తెలుగు, చూసి చదివేది కన్నడ అక్షరాలు. బడిలో నేర్పింది అవే కాబట్టి తెలుగు పాటల్ని కన్నడంలో రాసుకుంటాం. నాకు మాత్రం మా నాయన పురాణాల మీద వేలు పెట్టించి తెలుగు అక్షరాలు నేర్పాడు. మందిరంలో తక్కినవాళ్లకు అవి రావు.

మా భజనకు ప్రాణం ఒక అవ్వ. జంగమకోటె దగ్గరి పల్లెలో రైతు కుటుంబం ఆమెది. పట్టుపురుగులకు ఆకు వేస్తూ వాళ్ల అవ్వ పాడిన పాటలన్నీ ఆమెకు కంఠస్థం. వాటిలో చాలావరకు ఇంకెక్కడా నేను వినలేదు. శనివారం బస్సెక్కి వచ్చి మందిరంలో పాడేది. ఆ రాత్రి చింతామణిలోనే ఉన్న కూతురింట్లో పడుకుని, ఆదివారం పొద్దున మా వసారాలో కూర్చుని ఒక్కో పాటా చెప్పేది. ఆరేళ్లు అట్లా గడిచాయి. మొదటి రోజే నేను ఫోను తీసి రికార్డు చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నా గొంతు పెట్టెలో పెట్టొద్దప్పా. పాట నిలిస్తే చాలు. గొంతు నాతోనే పోనీ."

అందుకని రాసుకునేవాణ్ణి. కాగితం మీద కాదు, పలక మీద. నలభై ఏళ్ల అలవాటు. చరణం పాడగానే పలక మీద రాసి, ఆమెకు చదివి వినిపించి, ఆమె ఊఁ అన్నాక కంప్యూటరులో కొట్టి, పలక తుడిచేసేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది. "బడి వదిలినా పలక వదల్లేదు ఈయప్ప."

మొత్తం పూర్తయ్యాక ఒకేసారి పుస్తకం వేయిద్దామనుకున్నాను. అవ్వ కూడా "తొందరేముండాది" అంది.

పోయిన వానాకాలంలో అవ్వకు పక్షవాతం వచ్చింది. చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో పెట్టారు. ప్రాణం నిలిచింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. తెలివి, చెవులు, ఎడమచెయ్యి మిగిలాయి. కూతురు చింతామణికి తెచ్చుకుంది. నేను చూడబోతే అవ్వ ఎడమచేత్తో గాల్లో పలక గీసి, తుడిచినట్టు చేసి, నా వైపు చూసింది. పాటలెక్కడ అని అడుగుతోంది. "భద్రంగా ఉన్నాయవ్వా. పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి, మేమందరం నీ ముందే పాడతాం" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆమె ఉండగానే అది జరగాలి. నాకున్న పని అదొక్కటే.

ఇంటికొచ్చి కొత్త ప్రింటరు తెచ్చాను. దాన్ని మా పాత కంప్యూటరు గుర్తించలేదు. దుకాణంవాడు చెప్పింది ఇది: మా కంప్యూటరు లోపలి వ్యవస్థ ముప్పై రెండు బిట్లది, కొత్త సామానంతా అరవై నాలుగు బిట్ల పద్ధతికి తయారవుతోంది. యంత్రం అదే ఉండవచ్చు, అది పనిచేసే తీరు మారాలి. అయితే ఈ మార్పు పాతదాని మీద కొత్తది పరిచినట్టు కుదరదు. డిస్కు మొత్తం తుడిచి మొదటి నుంచి వేసుకోవాలి.

తుడవడం నాకు కొత్త కాదు కదా. పైగా పాటల నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఏటా ఆయుధపూజ నాడు నకలు తీసి, పూజ చేసి, దేవుడి అరలో పురాణాల పక్కన పెడతాను. ఆ ధైర్యంతో ఒక వీడియో చూస్తూ, పొద్దున స్నానం చేసి, స్వామికి దండం పెట్టి పని మొదలుపెట్టాను. కొత్త వ్యవస్థ చక్కగా ఎక్కింది. తెర తళతళలాడింది. ప్రింటరు పలికింది. అప్పుడు దేవుడి అరలోంచి పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చాను.

ఏమీ రాలేదు. తీసి మళ్లీ గుచ్చాను. వెనకవైపు గుచ్చాను. ముందువైపు గుచ్చాను. మా ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుని వెలుగులో పట్టుకుంది.

"ఇదేంది, దీని నోరంతా ఎర్రగా ఉండాది?"

ఆయుధపూజ నాడు కంప్యూటరుకు గంధం, కుంకుమ పెట్టినట్టే పెన్‌డ్రైవ్‌కూ పెట్టాను. మూత తీసి మరీ పెట్టాను. భక్తి కొంచెం ఎక్కువై, తడి గంధం లోపలికి దిగి రాయిలా గట్టిపడింది. ఆరేళ్ల పాటలు డిస్కు మీద నేనే తుడిచాను. మిగిలిన నకలు నోరు నేనే మూశాను. చెప్పిన గొంతులో మాట లేదు.

"కూర్చుంటే ఏమొస్తాది?" అంది మా ఆవిడ. "బాగేపల్లిలో మన ఇంటి పెండ్లిపత్రికలు కొట్టించినామే, ఆయమ్మకు ఫోన్ చేయండి. ఆమెకు ఈ పనులన్నీ తెలుసు."

ఆమెకు బాగేపల్లిలో తాలూకు కచేరి ఎదురుగా చిన్న టైపింగు దుకాణం ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. ఫోనులో నేను ఏడుపు గొంతుతో చెప్పిందంతా విని ఒకటే అడిగింది.

"యంత్రం ఇప్పుడు ఆన్‌లో ఉండాదా అప్పా?"

"ఉందమ్మా."

"ఆపేయండి. నేను వచ్చేదంక దాన్ని ముట్టొద్దండి. పెన్‌డ్రైవ్‌నూ ముట్టొద్దండి. దండం కూడా పెట్టొద్దండి."

ఆదివారం దుకాణం మూసి, బస్సులో వచ్చింది. సంచిలోంచి ఆమె మొదట తీసింది ఒక పొడుగు నోటుపుస్తకం. నేను చేసినవన్నీ వరసగా చెప్పమంది. చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

"డిస్కు ఫార్మాట్ చేసినారా?"

"చేశాను."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. మొదటిసారి సరిగా పడలేదేమోనని."

ఆమె తలెత్తి చూసింది. "పలక తుడిచినట్టు బాగానే తుడిచినారప్పా."

అయినా మధ్యాహ్నం దాకా ఆ డిస్కులో వెతికింది. పాత అక్షరాల జాడల మీద కొత్త వ్యవస్థ వచ్చి కూర్చుంది. పాట ఒక్కటీ దొరకలేదు. విసుక్కోలేదు. నోటులో 'డిస్కు: లేదు' అని రాసి, కింద గీత గీసి, పెన్‌డ్రైవ్ అందుకుంది. సన్నని వెదురు పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, గంధాన్ని నానబెట్టి గీకడం మొదలుపెట్టింది. ఒక్కో రవ్వ తీయడం, ఆగడం, ఊదకుండా దూదితో అద్దడం. మా ఆవిడ ఎండలో పెడదామా అంటే, "ఎండ వద్దమ్మా, నీడలో దానంతట అదే ఆరనీ" అంది. స్వామి విగ్రహానికి అభిషేకం చేసేవాళ్లను ఎందరినో చూశాను. అంత జాగ్రత్తగా వేళ్లు కదిలినవాళ్లు తక్కువ.

ఆరాక తన ల్యాప్‌టాప్‌కు గుచ్చింది. పాటల ఫోల్డరు తెరుచుకుంది. నేను గట్టిగా గోవిందా అన్నాను.

"ఉండప్పా, తలుపే తెరుచుకునింది. లోపల ఎవరున్నారో చూడాల కదా."

చూడటానికి ముందు మూడు చోట్ల నకలు తీసి, పెన్‌డ్రైవ్ పక్కన పెట్టేసింది. ఇక దాన్ని ముట్టబోనంది. ఆ తర్వాత మొదటి పాట తెరిచింది. తెర నిండా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. నేను కొట్టిన కన్నడం ఒక్క అక్షరం లేదు. ఆ పాటలు ఒక పాత టైపింగు ప్రోగ్రాముతో కొట్టినవి. ఆ ప్రోగ్రాము ఉంటేనే ఆ గుర్తులు అక్షరాలవుతాయి. దాని సీడీ నా దగ్గర భద్రంగా ఉంది. దానికి అదృష్టవశాత్తు బొట్టు పెట్టలేదు. కంప్యూటరులో పెట్టి చూస్తే, ఈ ప్రోగ్రాము ఈ రకం వ్యవస్థలో నడవదని ఒక ముక్క చెప్పి ఊరుకుంది. పాత పద్ధతికి రాసిన ప్రోగ్రాము అది.

"అయితే మళ్లీ అంతా తుడిచి పాతదే వేయాలా తల్లీ?"

"మీకు తుడిచేదొకటే వచ్చునా అప్పా?" అని నవ్వింది. "కొత్తదాని లోపల్నే పాతదాన్ని కూర్చోబెడతాను. వచ్చే ఆదివారం వస్తాను."

చెప్పినట్టే వచ్చింది. చేయబోయే పనులన్నీ ముందే నోటులో రాసుకుని ఉంది. ఒకటి చదవడం, చేయడం, దాని పక్కన టిక్కు పెట్టడం. కొత్త వ్యవస్థలో ఒక ప్రోగ్రాము ఎక్కించింది. అది లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటరును పుట్టించింది. దానిలో పాత ముప్పై రెండు బిట్ల వ్యవస్థను వేసింది. చూస్తుండగానే కొత్త తెర నడుమ ఒక కిటికీ తెరుచుకుని, అందులో మా పాత తెర, పాత రంగులతో, పాత గంట మోగించుకుంటూ లేచింది. బయట కొత్తది, లోపల పాతది, రెండూ ఒకే పెట్టెలో. అన్నింటి లోపలా ఉండేవాడి గురించి ఎన్ని శనివారాలు అర్థం చెప్పానో నాకే తెలియదు. ఆ పొద్దున కళ్లారా చూశాను.

లోపలి పాత వ్యవస్థ సీడీని ఒప్పుకుంది. ఆమె మొదటి పాట తెరిచింది. కన్నడ అక్షరాలు గుండ్రంగా, నేను కొట్టినవి కొట్టినట్టు, వరసగా నిలబడ్డాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, తడి చేతులతోనే పల్లవి పైకి చదివింది. ఈసారి నేను గోవిందా అనలేదు. చరణం అందుకున్నాను.

బాగేపల్లి ఆమె పని అక్కడితో ఆపలేదు. ఆ పాటల్ని ఏ యంత్రంలోనైనా చదవగలిగే కొత్త అక్షరాల్లోకి మార్చాలంది. మార్చేటప్పుడు ఒత్తులు అక్కడక్కడా చెదిరిపోతాయి, కాబట్టి ప్రతి పంక్తీ సరిచూడాలంది. పాత కిటికీలోది ఆమె చదువుతుంటే కొత్తది నేను చూశాను. తర్వాత నేను చదివాను, ఆమె చూసింది. అట్లా నాలుగు ఆదివారాలు. మంత్రాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చెప్పి, ఒక్క స్వరం జారకుండా కాపాడిన పెద్దల సంగతి ఆమెకు చెప్పాను. నువ్వు చేస్తున్నదీ అదేనమ్మా అన్నాను.

"నాకు అదంతా తెలీదప్పా. పెండ్లిపత్రికలో పేరు తప్పు పడితే కొట్టడానికొస్తారు. ఆ భయం."

అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. పెన్‌డ్రైవ్ నకలు ఆయుధపూజ నాటిది. ఆ తర్వాత అవ్వ జబ్బుపడే దాకా కొట్టిన తొమ్మిది పాటలు అందులో లేవు. ఏడాదికి ఒక్కసారి, పూజ నాడే నకలు తీయడం నా నియమం. దాని ఫలం అది. మందిరంలో అందరినీ కూర్చోబెట్టి అడిగాం. ఎనిమిది పాటలు తలా ఒక చరణం తెచ్చి నింపారు. తొమ్మిదోదానికి పల్లవి, రెండు చరణాలు దొరికాయి. మూడో చరణం ఎవరికీ రాదు.

పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి, అందరం అవ్వ దగ్గరికి వెళ్లాం. బాగేపల్లి నుంచి ఆమె కూడా వచ్చింది, నోటుపుస్తకంతో. ఎక్కడైనా తప్పుంటే అవ్వ చేయి చూసి దిద్దుకోవాలని ఆమె ఆలోచన. అవ్వ మంచం మీద ఆనుకుని కూర్చుంది. మేం పాడుతుంటే ఎడమచేత్తో తొడ మీద తాళం వేసింది. తప్పు పాడిన చోట చెయ్యి ఆగింది. మేం వెనక్కి వెళ్లి సరిగా పాడితే మళ్లీ కదిలింది. ఒకచోట నేనే తప్పాను. అవ్వ నన్ను అట్లా చూసేసరికి అందరూ నవ్వారు. అవ్వ మూతి కూడా ఒక వైపు నవ్వింది.

చివరికి తొమ్మిదో పాట వచ్చింది. పల్లవి, ఒక చరణం, రెండో చరణం అయ్యాయి. మేం ఆగిపోయాం. అవ్వ చెయ్యి ఆగలేదు.

ఆ వేళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి. పెదవులు కొద్దిగా అదిరాయి. మధ్యలో ఒకచోట రెండు దెబ్బలు దగ్గరగా పడ్డాయి, ఒకచోట చెయ్యి పైనే నిలిచి దిగింది. చరణం మొత్తం ఆమె లోపల పాడుకుంది. అయిపోయాక అరచెయ్యి తొడ మీద చదునుగా పెట్టి, నా వైపు చూసింది.

నేను తల వంచుకున్నాను. పక్కకు చూస్తే, బాగేపల్లి ఆమె అప్పటికే నోటులో రాసేసింది. ఒక్కో దెబ్బకు ఒక్కో గీత. దగ్గరగా పడ్డవి దగ్గరగా, చెయ్యి నిలిచిన చోట ఖాళీ. నాలుగు వరసలు.

"మాట లేకపోతే ఏమప్పా? కొలత ఉండాది కదా. పుస్తకంలో ఇంత చోటు వదిలిపెడదాము" అంది.

అట్లాగే వదిలాం. ఇప్పుడు పుస్తకం మా మందిరంలో ఉంది. ఆ పాట దగ్గర నాలుగు వరసల గీతలున్నాయి. శనివారం అక్కడికి రాగానే మేం నోరు మూసి, తొడ మీద తాళం మాత్రం వేస్తాం. నకలు ఇప్పుడు నెలనెలా తీస్తున్నాను. పూజ అరకే చేస్తాను, పెన్‌డ్రైవ్‌కు దూరం నుంచే నమస్కారం.

అవ్వ ఈ మధ్య నీళ్లు అడగడానికి ఒక శబ్దం చేస్తోంది. డాక్టరు ఏమీ మాట ఇవ్వలేదు. ఇది చదివిన మీరు ఏ ఊరివారైనా, ఏ పేరుతో ఆయన్ను పిలిచేవారైనా, ఒక్క నిమిషం నాతో చేతులు జోడించండి. స్వామీ, ఆ నాలుగు వరసలు పలకగలిగినంత మాట ఆ తల్లికి తిరిగి ఇవ్వు. బాగేపల్లి ఆమె చేతులను చల్లగా చూడు. వినడానికి మేమందరం కూర్చునే ఉన్నాం.