గుట్ట కొసను చూసి సాలు పట్టిన రోజులు

పోయిన నెల బొంబాయి నుంచి తిరిగి వస్తూ, శంషాబాద్ దగ్గరపడ్డాక విమానం ఒక పక్కకు ఒరిగేసరికి, కిటికీ దగ్గర కూర్చున్న నాకు కింద ఆకుపచ్చని నీళ్ళతో నలుచదరపు గుంతలు వరసగా కనిపించాయి. పక్క సీటాయన మెడ చాచి చూసి, మీ దగ్గర ఇన్ని చెరువులున్నాయా అని తెగ ముచ్చటపడిపోయాడు. అవి చెరువులు కావనీ, రాయి తీసి వదిలేసిన క్వారీలనీ, అందులో ఒకచోట మా ఊరి గుట్ట ఉండేదనీ చెప్పేలోపే విమానం దిగింది, ఆయన సంచి దించుకునే హడావిడిలో పడ్డాడు. ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. నా ఈడువాళ్ళకైతే ఇలాంటివి వినే తీరిక, సరదా రెండూ ఉంటాయి.

విమానాశ్రయం వచ్చిన కొత్తలో నేను శంషాబాద్ బస్టాండు దగ్గర రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను పెట్టుకుని చిన్న నెట్ దుకాణం నడిపేవాణ్ణి. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకోవడానికి ఎవరైనా వస్తారని దుకాణం తెరిస్తే, ఉపగ్రహం తీసిన ఫోటోల్లో తమ ఇల్లు ఆకాశం నుంచి ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి వచ్చేవాళ్ళే ఎక్కువయ్యారు. ఒక పెద్దమనిషి ఆరాంఘర్ నుంచి అత్తాపూర్ దాకా రోడ్డు మీద వేలు జరుపుకుంటూ పోయి, అత్తగారింటి కప్పు దొరికాక, పైనుంచి చూసినా ఆ ఇంటికి కళ లేదని పెదవి విరిచి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో నా అంత సంతోషంగా దుకాణం నడిపినవాడు ఆ బజారులో మరొకడు లేడనుకుంటాను.

ఇంట్లో మాత్రం అంత సంతోషం లేదు. మహేశ్వరం దారిలో ఉన్న మా ఊళ్ళో, మా తాత తన మెట్ట చెలకలో సగం మా మేనత్తకు పసుపుకుంకుమ కింద ఇచ్చాడు. ఆమె మా బాపుకు, అంటే మా నాన్నకు, అక్క, మెట్టినిల్లు పక్క ఊరే. తోడబుట్టినవాళ్ళ మధ్య గట్టు వేస్తే నలుగురూ నవ్వుతారని తాత గట్టు వేయించలేదు, హద్దురాయి పాతించలేదు. మోటబావి దగ్గర నిలబడి గుట్ట కొసన ఉన్న పెద్ద గుండురాయిని చూడండి, ఆ చూపుకు ఎడమపక్క అక్కది, కుడిపక్క తమ్ముడిది, అని చెప్పాడట. అంతే, అదే హద్దు. ఏటా తొలకరి పడగానే బాపు బావి దగ్గర ఎడ్లను నిలబెట్టి, తల ఎత్తి గుట్ట కొస చూసుకుని, దానికి సూటిగా నాగలితో మొదటి సాలు పట్టేవాడు. ఆ సాలుకు అటు అత్తవాళ్ళ జొన్న, ఇటు మా కంది. ఎన్నేళ్ళు గడిచినా ఆ ఏర్పాటు మీద మాట రాలేదు.

ఆ తర్వాత రోడ్లకూ మేడలకూ కంకర కావలసివచ్చి గుట్టను కుడివైపు నుంచి తొలవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పేలుడు వినిపిస్తే మా అమ్మ అన్నం పొయ్యి మీద పెట్టేది, అంతగా అలవాటైపోయింది. రోజూ చూసే వస్తువు కనుక, గుట్ట ఎంత పోయిందో మాలో ఎవరికీ పట్టింపు రాలేదు. బాపు మాత్రం ఏటా ఎప్పటిలాగే కొస చూసి సాలు పడుతూనే ఉన్నాడు. ఒక వానాకాలం అత్త చెలక చూసుకోవడానికి వచ్చి, తన జొన్న సన్నబడి మా కంది వెడల్పయిందని గమనించి, బావి దగ్గరే నిలబడి నా పసుపుకుంకుమ దున్నుకున్నావా అని బాపును అడిగేసింది. బాపు గుట్ట మీద ఒట్టు వేసి కాదన్నాడు. ఇద్దరిదీ ఒకే మొండితనం, ఒకే కడుపున పుట్టారు కదా! అప్పటి నుంచి మాటలు లేవు.

అంతలో మా చెల్లె పెళ్ళి కుదిరింది. మా ఇంట్లో పెళ్ళికూతురికి మొదటి నలుగు మేనత్త చేతితోనే పెట్టాలి. ఆమె గడప తొక్కనని కబురు పంపింది. చెల్లె ముహూర్తం దగ్గరపడుతున్నకొద్దీ ఏడుపు మొహం పెట్టింది, బాపు పైకి గంభీరంగా ఉన్నా రెండో ముద్ద దిగక పళ్ళెం తోసేసేవాడు. ఆయన్ను అలా చూడటం నాకు చాలా కష్టంగా ఉండేది.

దారి చూపించింది మా అమ్మ, అదీ తెలియకుండానే. నా దుకాణం సంగతులు వినివిని, మన ఇల్లు గుర్తుగా కనబడాలని తన ఎర్ర పట్టుచీర తీసి మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, బస్సెక్కి నా దగ్గరకు వచ్చింది. తెర మీద మా ఇంటిని ఎంత పెద్దది చేసినా ఎర్ర మరక లేదు.

"ఏదిరా నా చీర? ఎవరన్న ఎత్తుకపోయిన్రా ఏంది?" అని ఆమె ఒకటే పరేషాన్.

ఆ ఫోటో ఇప్పటిది కాదనీ, ఎప్పుడో తీసిందనీ చెబుతూ, మేము కొత్తగా వేసుకున్న రేకుల షెడ్డు కూడా అందులో లేదని చూపిస్తుండగా చటుక్కున ఆగాను. ఫోటో పాతదైతే గుట్ట? బొమ్మను పక్కకు జరిపి, తెర మీద ఏళ్ళు మార్చే మీటతో ఇంకా పాత ఫోటోలకు వెళ్ళాను. గుట్ట నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది. మీటను ముందుకు జరుపుతుంటే ఏళ్ళు మారుతున్నాయి, తెల్లటి గాయం ఒకటి కుడివైపున పుట్టి గుట్టను కొరుక్కుంటూ పోతోంది. అమ్మ చీర సంగతి మరిచిపోయి నోటిమీద చెయ్యి వేసుకుంది.

మర్నాడు నేనే వెళ్ళి అత్తను బతిమాలి దుకాణానికి తీసుకొచ్చాను, బాపును అమ్మ తీసుకొచ్చింది. ఇద్దరూ రెండు స్టూళ్ళ మీద, ఒకరు గోడనూ ఒకరు రోడ్డునూ చూస్తూ కూర్చున్నారు. నేను పాత ఫోటో తెరిచి, మోటబావి ఇదీ, గుట్ట ఇదీ అని చూపించాను. బాపు కళ్ళు చికిలించి, పైనుంచి చూస్తే అన్నీ ఒక్కతీరుగానే ఉన్నాయనీ, కొసన ఉండే గుండు ఏదో పోల్చుకోలేకపోతున్నాననీ గొణిగాడు. అప్పటిదాకా గోడను చూస్తున్న అత్త ఒక్కసారి ముందుకు వంగింది.

"గదే, గదే గుండు! నీడ చూడు తమ్మీ, ఎంత పొడుగ్గ పడ్డదో!"

తమ్మీ అన్నానని ఆమెకు తెలియలేదు. బాపుకు తెలిసింది. ఆయన తన స్టూలును తెర దగ్గరకు జరుపుకున్నాడు.

నేను తెర మీద బావి నుంచి ఆ గుండు దాకా చెక్క స్కేలు ఆనించి, దాన్ని కదలనీయకుండా ఏళ్ళను ముందుకు జరిపాను. స్కేలు కొసన గుండు పోయి గుంత వచ్చింది. మిగిలిన గుట్టలో ఎత్తుగా ఉన్న బండ స్కేలుకు ఎడమపక్కన, అత్త వైపుకు ఎంతో దూరాన ఉంది. బాపు ఏటా చూసింది దాన్నే. కుడిపక్క విరిగిన కొద్దీ కొస ఎడమకు జరిగింది, కొసతోపాటు ఆయన సాలూ జరిగింది.

"అక్కా, నేను గిదాంక వచ్చిన," అని బాపు వేలు పెట్టి తనే చూపించాడు. "గుట్ట నన్ను మోసం జేసింది."

"గుట్టనేమంటవ్ తియ్యి, దాన్నే మింగిన్రు," అంది అత్త.

ఆపైన చెలక ఊసే లేదు. చిన్నప్పుడు సీతాఫలాలు ఏరుకున్న చోటు ఇదంటే ఇదని వాదించుకుంటూ, మీట వెనక్కి జరపమని, ఇంకోసారి, మరింకోసారి అని నన్ను చంపుకుతిన్నారు. వెనక్కి జరిపినప్పుడల్లా గుట్ట లేచి కూర్చుంటుంటే ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. పెళ్ళికి అత్త అందరికంటే ముందే దిగి, చెల్లెకు నలుగు పెట్టి, వంటవాళ్ళను కూడా ఆజమాయిషీ చేసింది.

పెళ్ళి పనులు ముగిశాక బాపు రాతికడీలు తెప్పించి హద్దు పాతుదామన్నాడు. అత్త ఒప్పుకోలేదు. తొలకరి పడ్డనాడు తనే వచ్చి చెలక అవతలి చివరకు నడిచి, నేను స్కేలుతో తేల్చిన చోట చెయ్యి ఎత్తి నిలబడింది. బాపు బావి దగ్గర తల ఎత్తి చూశాడు, ఎదురుగా గుట్ట లేదు, అక్క ఉంది. ఆమెనే చూస్తూ సాలు పట్టాడు. ఆ చెలకలు ప్లాట్లయ్యేదాకా ఏటా అదే పద్ధతి. ఒక ఏడు ఆమెకు బస్సు దొరక్క ఆలస్యమైతే, నేల పదును ఆరిపోతోందని అందరం తొందరపెట్టినా, ఎడ్లను పట్టుకుని ఆమె వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

ఇప్పుడు అక్కడ వెంచరు రాళ్ళు పాతారు. మిషన్లతో కొలిచారు కనుక గజం తేడా రాదు, ఎవరితో ఎవరికీ తగాదా లేదు. హద్దు తెలియడానికి అవతలి చివర ఒక మనిషి వచ్చి నిలబడాల్సిన పని కూడా లేదు. నాకైతే ఆ పని ఉన్న రోజులే బాగుండేవనిపిస్తుంది.