బాబాయ్ వేళ్లు

జిమ్ వెనక గదిలో మాలిష్ చేసే ఆయనను అందరూ బాబాయ్ అంటారు. నూనెను ముందు తన అరచేతుల్లో వేడెక్కేదాకా రుద్దుకుంటాడు. చల్లటి చేయి పడితే కండ ముడుచుకుంటుందని ఆయన నమ్మకం. తర్వాత కళ్లు మూసుకుని బొటనవేలితో వీపంతా వెతుకుతాడు. ఎక్కడ పట్టేసిందో, ఎవరు నిద్ర చాలకుండా బరువులెత్తుతున్నారో అడగకుండానే చెప్తాడు. "బాబాయ్ దగ్గర దాచడం కంటే మా ఆవిడ దగ్గర దాచడం తేలిక" అని నవ్వుతారు వచ్చేవాళ్లు. ఈమధ్య మాత్రం ఏ కాస్త బిగువు తగిలినా "వారం రోజులు బరువు ముట్టుకోకు" అంటున్నాడు. ముసలాడికి చాదస్తం పట్టిందని కొందరు రావడం మానేశారు.

కిందటి నెల, బాడీబిల్డింగ్ పోటీకి నాలుగు రోజుల ముందు, వెల్డింగ్ పని చేసే కుర్రాడి ఛాతీ కండలో, చంక దగ్గర, ఆయన వేలికి మెత్తటి పల్లం తగిలింది. "ఏముంది బాబాయ్? పోటీ మానుకోమని మాత్రం అనకు, నీకు పుణ్యముంటుంది" అన్నాడు కుర్రాడు. ఏడాదిగా కడుపు మాడ్చుకున్న ఆ మొహం చూసి, "ఏం లేదురా" అన్నాడు బాబాయ్. మర్నాడే బరువు కింద ఆ కండ తెగింది. ఆపరేషన్ తర్వాత ఈరోజే మొదటిసారి వచ్చిన కుర్రాడు, ఆ పక్క కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, స్టూలు మీద వీపు తిప్పి కూర్చున్నాడు.

"నీ వేళ్లకే దొరకనిది ఇంకెవరికి దొరుకుతుంది బాబాయ్? నా ఖర్మ."

బాబాయ్ వేళ్లు అతని మెడ కింద ఆగిపోయాయి. "దొరికిందిరా" అన్నాడు.

చేతుల కింద వీపు మెల్లగా రాయిలా బిగుసుకుంది. ప్రతివాడికీ "ఒళ్లు వదిలెయ్" అని చెప్పే మనిషికి ఆ మాట నోటికి రాలేదు.