మిస్టర్ వెస్ట్‌గార్డ్ కోసం వచ్చిన ఫోను

లాస్ ఏంజెలస్‌లో మేం పనిచేసిన హోటల్లో గదులకు ఫోన్లు కలిపే బోర్డు ముందు ఐదు కుర్చీలుండేవి. మూడోది ఆర్ఫా వెస్ట్‌గార్డ్‌ది, నాలుగోది నాది. ఆర్ఫా పొడుగాటి మనిషి, పెద్ద చేతులు. మధ్యాహ్నం ఒక చేత్తో గుడ్డు శాండ్‌విచ్ తింటూ రెండో చేత్తో కథలు రాసేది. అన్నీ హత్యల కథలే. చౌకరకం పత్రికలు వేసుకునేవి. ఆడపేరు చూస్తే తిప్పి పంపుతారని ఇంగ్లీషులో తన పేరు మొదటి అక్షరంతో ‘ఓ. వెస్ట్‌గార్డ్’ అని మాత్రం రాసి, హోటల్ చిరునామా ఇచ్చేది. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

1949 జనవరిలో ఒక పొద్దున బయటినుంచి ఫోను వస్తే తనే తీసింది.

“మిస్టర్ వెస్ట్‌గార్డ్‌కి కలపమ్మా. మీ హోటల్లోనే ఉంటారట.”

“మీరెవరండీ?”

“గెల్మన్ని, సినిమా కంపెనీ నుంచి. ఆయన కథ మాకు కావాలి.”

ఆర్ఫా మొహం ఎర్రబడింది. “కలుపుతున్నా, ఉండండి” అని మీట ఎత్తి, మూడు లెక్కపెట్టి మళ్ళీ దించింది. “హలో, వెస్ట్‌గార్డే మాట్లాడుతున్నా.”

“ఏం పిల్లా, వేళాకోళమా?”

“కాదండీ. ఆ కథలో హంతకుడి టోపీ మొదట నలుపు, తర్వాత గోధుమరంగు. ఆ తప్పు నాదే.”

అవతల గెల్మన్ నవ్వు నాక్కూడా వినిపించింది.

కథ చిన్నదే. ముసలి మేనత్తను చంపిన ఒకడు, అందుకు వాడికి విషం సమకూర్చిన డాక్టరు, వాళ్ళ మాటలు విన్న హోటల్ ఫోను అమ్మాయి. చివర్లో ఆమె పోలీసును పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఇద్దరికీ ఒకేసారి ఫోను మోగించి, ఒకరికొకరిని కలుపుతుంది. నువ్వే చేశావంటే నువ్వే చేశావని పోట్లాడుకుంటూ వాళ్ళు నిజం కక్కేస్తారు. కంపెనీవాళ్ళు ఆ ముగింపు తీసేసి, వీధుల్లో కార్లు వెంటాడుకోవడం పెట్టుకున్నారు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు ముసురు పట్టింది. వీధి సెట్టు మడుగైపోయింది. గెల్మన్ పిలిస్తే సెలవురోజున నేనూ ఆర్ఫా షూటింగు చూడ్డానికి వెళ్ళాం. దర్శకుడు రోక్ జుట్టు పీక్కుంటున్నాడు.

“రెండ్రోజుల్లో ముగించాలి! ముగింపు ఇంటికెళ్ళి ఊహించుకోండని జనానికి చెప్పనా?”

“నేను రాసింది తీయండి” అంది ఆర్ఫా. “బోర్డు, కుర్చీ, రెండు గొంతులు. అంతే కదా!”

“ఎవరీవిడ?”

“మన మిస్టర్ వెస్ట్‌గార్డ్” అన్నాడు గెల్మన్.

“మీసాలుంటాయనుకున్నానే!”

“ఇవాళే గీసుకొచ్చా లెండి.”

లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వేశారు. రోక్ నవ్వలేదు కానీ, ఆ సాయంత్రానికి బోర్డు తెప్పించాడు.

మర్నాడు సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాం. కథానాయిక బోర్డు తీగలు పట్టుకున్న తీరు చూసి ఆర్ఫా ఆగలేకపోయింది. “అయ్యో తల్లీ, అలా పీకావంటే ఫోన్లు తెగి మూడో అంతస్తంతా నిన్ను తిడుతుంది!” చివరికి రోక్, మొహం మాత్రం కథానాయికది, చేతులు ఆర్ఫావి పెట్టి తీశాడు. ఆ పెద్ద చేతులు తీగల మధ్య ఎంత తేలిగ్గా తిరిగాయో! పక్క కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్నా నేనెప్పుడూ గమనించలేదు.

పాటల సినిమా ఒకదానికి ముందు, అదే టిక్కెట్టు మీద, మా పేట థియేటర్లో వేశారు. పత్రికలు పట్టించుకోలేదు. వారం తిరక్కుండానే తీసేశారు. మళ్ళీ ఎక్కడా ఆడినట్టు వినలేదు. కానీ మొదటిరోజు మేం ఐదుగురం మంచి టోపీలు పెట్టుకుని వెళ్ళాం. సినిమాలో హంతకుడూ డాక్టరూ తిట్టుకుంటుంటే ముందు వరసలో ఒకాయన లేచి, “ఫోను పెట్టెయ్యరా వెధవా, పోలీసు వింటున్నాడు!” అని అరిచాడు. ఆర్ఫా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడు రోజులు నొప్పి పోలేదు.

మా సినిమా అయ్యాక విశ్రాంతిలో మొక్కజొన్న పేలాల దగ్గర ఒక లావుపాటి ఆవిడ, “ఒకేసారి ఇద్దరికి ఎలా మోగిస్తుందమ్మా? అంతా బూటకం” అంది. ఆర్ఫా ఊరుకుంటుందా! పేలాల పొట్లాలు నాలుగు గట్టు మీద నిలబెట్టి, తన మెడలోని పూసలదండ తీగగా చేసి, ఆవిడకు మొదటినుంచీ చూపించడం మొదలుపెట్టింది. లోపల పాటల సినిమా మొదలైనా ఎవరూ కదలలేదు.